రెండు వాటాలైన నవల

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. తెనాలిలో ఏదో పుస్తకాల సంఘమట, ఊళ్ళో పెద్దవాళ్ళ చేత తమకు బాగా ఇష్టమైన పుస్తకం గురించి చెప్పిస్తున్నారట. "మీరు ఇన్నేళ్ళు టీచరుగా చేశారు కదా మేడమ్, మీరూ ఒకటి చెప్పాలండి. ఒక్క నిమిషం చాలండి, ఫోన్లోనే వీడియో తీసి పంపించేయండి" అంది. పాపం, ఎంతో మర్యాదగానే అడిగింది. నాకే ఒళ్ళు మండింది. ఒక్క నిమిషంలో నాకు నా కళ్ళజోడే దొరకదు, పుస్తకం గురించి ఏం చెబుతాను? ఆలోచించుకుని చెబుతానమ్మా అని పెట్టేశాను. తర్వాత కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర కూర్చుంటే, ఆ పిల్ల అడిగినదాంట్లో కొత్తేమీ లేదనిపించింది. నా చిన్నప్పుడు మా ఊరి పెద్దలు చేసిన పనే అది. కాకపోతే వాళ్ళు ఒక్కో పుస్తకానికి ఒక సాయంత్రమంతా తీసుకునేవాళ్ళు. మా నాన్న పుస్తకానికైతే నెలలు పట్టింది.

మా ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుదారి మీద ఉంటుంది. బొగ్గు రైలు వెళ్ళాక కాసేపు ఊరంతా పొగ వాసన, అది తగ్గాక మిల్లులోంచి తవుడు వాసన, మధ్యాహ్నం గాలి తిరిగితే కాలవలో నానబెట్టిన జనుము వాసన. స్టేషనుకు వెళ్ళే దారిలో పెంకుటింట్లో ఒక లైబ్రరీ ఉండేది. దాన్ని నడిపించింది మిషన్ బడి హెడ్మాస్టరు దేవసహాయం గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చాకిరేవు నుంచి అప్పుడే వచ్చినట్టుండే తెల్లచొక్కాతో ఉండేవారు. లైబ్రరీలో పుస్తకాలు తక్కువ, కొనడానికి దారి లేదు. అందుకని మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం ఊళ్ళో పెద్దమనిషి ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుని, తనకు ప్రాణప్రదమైన పుస్తకం ఏదో, ఎందుకో చెప్పాలి. చెప్పాక తన ఇంట్లో ఉన్న ఆ పుస్తకాన్నే లైబ్రరీకి ఇచ్చి వెళ్ళాలి. కొత్తది కొనిస్తామంటే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "మీరు చదివి నలిగిందే కావాలండి. నూనె మరకలున్నా ఫర్వాలేదండి" అనేవారు.

ఆ పద్ధతి వల్ల ఎవరి లోపల ఏముందో ఊరికి తెలిసిపోయింది. ఇంజెక్షన్ చేయడానికి వస్తే పిల్లలం పరుగెత్తి దాక్కునే డాక్టరు గారు పిల్లల కథల పుస్తకం తెచ్చి, ఒక కుందేలు గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఎప్పుడూ నోరు విప్పని కరణం గారు దేశాలు తిరిగినాయన రాసిన పుస్తకం తెచ్చారు. ఆయన జీవితంలో గుంటూరు దాటి వెళ్ళలేదు. నర్సమ్మ గారు వంటల పుస్తకం తెస్తే మగవాళ్ళు నవ్వారు కానీ ఆ పుస్తకం ఎప్పుడూ బీరువాలో ఉండేది కాదు. పుస్తకాల పేర్లు ఎవరికీ గుర్తుండేవి కావు. "డాక్టరు గారిది ఉందాండి?" "కరణం గారిది వచ్చిందాండి?" అని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు.

మా నాన్న ఊరి సహకార సంఘానికి ప్రెసిడెంటు. ఎప్పటికైనా ఆయన వంతు రాక తప్పదు. వచ్చేసరికి మా ఇల్లు మామూలుగా లేదు. అంతకు కొన్నాళ్ళ ముందే నాన్నా, బాబాయీ వాటాలు వేసుకున్నారు. కాలవ పక్క పొలం చెక్క ఎవరిదన్న దగ్గర మాట మాట పెరిగి, ఇక కలిసుండేది లేదన్నారు. అమృతలూరు నుంచి నాయనమ్మ అన్నగారు వచ్చి అరుగు మీద కూర్చుని పంపకాలు చేశారు. గంగాళాలు, బిందెలు, ఎడ్లు, పందిరిపట్టె మంచం, చివరికి ఊరగాయ జాడీలు కూడా ఇటొకటి, అటొకటి. అంతా అయిపోయిందనుకునేసరికి నాయనమ్మ పెట్టె అడుగు నుంచి గుడ్డ అట్టలు వేసిన రెండు పుస్తకాలు బయటికొచ్చాయి. మా తాతయ్య కొన్న నవల, రెండు భాగాలు. వట్టివేళ్ళ మధ్య దాచడం వల్ల కమ్మటి వాసన వేసేవి. ఆ పెద్దాయన వాటినీ చేత్తో తూచినట్టు చూసి, "పెద్దోడికొకటి, చిన్నోడికొకటి" అన్నారు.

నాయనమ్మ గుమ్మంలోంచి, "అది ఒకటే పుస్తకం అన్నయ్యా" అంది.

"రెండు కనపడతన్నయ్ గదమ్మా, ఒకటంటావేంటి?" అని ఆయన చెరో చేతిలో పెట్టేశారు. నవలను నిలువునా పంచుకున్న కుటుంబం ఇంకొకటి ఉంటుందని నేననుకోను. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. బాబాయి తన వాటా సామాను తీసుకుని బాపట్ల వెళ్ళి ఎరువుల దుకాణం పెట్టాడు. పిన్ని నీళ్ళోసుకుని ఉందని నాయనమ్మ వాళ్ళతో వెళ్ళింది. తర్వాత కాన్పు అయింది, పిల్లవాడు పాకాడు, నడిచాడు, నాయనమ్మ మాత్రం తిరిగి రాలేదు. వెళ్ళి తీసుకురావడానికి నాన్నకు అభిమానం అడ్డం. తెచ్చి దింపడానికి బాబాయికి అడ్డం. బాబాయి పేరెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను నాయనమ్మ పక్కలోనే పడుకునేదాన్ని. ఆమె వెళ్ళాక ఆ నులకమంచం మీద ఒక్కదాన్నే పడుకుని, దుప్పటిలో ఆమె రాసుకునే నొప్పుల తైలం వాసన వస్తుందేమోనని వెతుక్కునేదాన్ని. ఆమె కావాలని పైకి అనడానికి మాత్రం ధైర్యం ఉండేది కాదు.

తన వంతు వచ్చిన వారం నాన్న గేదెలకు మేత వేస్తూ వాటి ముందే ఉపన్యాసం వల్లించుకున్నాడు. ఆదివారం సాయంత్రం మల్లుపంచె కట్టుకుని, మొదటి భాగం చంకలో పెట్టుకుని వెళ్ళాడు. అమ్మా నేనూ ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాం. నాన్న వల్లించినదంతా మర్చిపోయి, వేసవి సాయంత్రాలు తాతయ్య అరుగు మీద కూర్చుని ఈ నవల చదువుతుంటే వీధి వీధంతా వచ్చి కూర్చోవడం గురించి చెప్పాడు. నీళ్ళు చల్లిన నేల వాసన, తాతయ్య దగ్గు, మధ్యలో ఆపి ముక్కుపొడుం పీల్చి తుమ్మేదాకా అందరూ ఊపిరి బిగబట్టి కాచుకోవడం. "నాకు పుస్తకాలు చదివే అలవాటు లేదండి. ఇందులో మా నాన్న గొంతుందండి. అందుకే ఇది తెచ్చా" అన్నాడు. నాన్న అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఇంటికొస్తూ అమ్మ, "ఇది మొదటి భాగమేనన్న సంగతి చెప్పలేదేంటి?" అంది. "చెబితే రెండోది ఏదంటారు" అని నాన్న గబగబా ముందుకు నడిచాడు.

చెప్పకపోతే తెలియదనుకోవడం మా నాన్నకే చెల్లింది. నవలలో రత్తమ్మ అనే అమ్మాయి మొగుడు రంగూను వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకుని పడవ మీద తిరిగి వస్తున్నానని ఉత్తరం రాస్తాడు. నడి సముద్రంలో తుఫాను. ఒడ్డున రత్తమ్మ చంటిపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంటుంది. అక్కడితో మొదటి భాగం అయిపోతుంది. తెల్లవారేసరికి దేవసహాయం మాస్టారు మా గుమ్మం ముందున్నారు.

"ప్రెసిడెంటు గారూ, పడవేమైందండీ?"

"ఏ పడవండీ?" అన్నాడు నాన్న, పళ్ళు తోముకుంటూ.

"తుఫానులో పడిన పడవండీ. నాకు నిద్ర లేదండీ."

నాన్నకు చెప్పక తప్పలేదు. పడవ పగిలిందనీ, మనిషి చెక్క పట్టుకుని సూర్యలంక దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాడనీ, చేపలు పట్టే పల్లెకారులు గంజి తాగించి బతికించారనీ, రత్తమ్మ ఎదురెళ్ళిందనీ చెప్పాడు. మాస్టారు చేతులు జోడించి వెళ్ళారు. ఆ తర్వాత సంఘం ఆఫీసుకు అప్పు కోసం వచ్చినవాళ్ళూ విత్తనాల కోసం వచ్చినవాళ్ళూ ముందు పడవ గురించే అడిగేవాళ్ళు. చెప్పేకొద్దీ నాన్న కథలో గంజి చిక్కబడింది, పల్లెకారులకు పేర్లు వచ్చాయి.

ఊళ్ళో మాట రైలెక్కి బాపట్ల చేరడం ఎంతసేపు! మా ఊరాయన ఒకడు ఎరువు కోసం బాబాయి దుకాణానికి వెళ్ళి మాటల్లో ఈ కథ ఎత్తాడట. బాబాయి కాటా వదిలేసి, "ఒడ్డుకొచ్చాడా? ఎవరు చెప్పారు? ఆయన చచ్చిపోయాడు!" అని అరిచాడట. కొట్లో ఉన్నవాళ్ళు నిజంగానే ఎవరో పోయారనుకుని తువ్వాళ్ళు తీశారట. "మా నాన్న నాకు స్వయంగా చదివి వినిపించాడు. మనిషి సముద్రంలోనే పోయాడు. రత్తమ్మే కష్టపడి పడవ కొని పిల్లను పెంచింది. మా అన్నయ్యకు చెప్పండి, ఊరంతటికీ అబద్ధాలు చెప్పద్దని" అని కబురు పెట్టాడు. నాన్న ఊరుకుంటాడా? "వాడికేం తెలుసు, అప్పటికి ముక్కు చీదుకోవడం రాదు వాడికి" అని తిరుగు కబురు. రేపల్లె బండిలో, మద్రాసు మెయిల్లో, ఎవరు బాపట్ల వైపు వెళ్తున్నా వాళ్ళ చేత మాటలు. రంగూను మనిషి బతికాడా, చచ్చాడా అని. ఒక రోజు అమ్మ పప్పు రుబ్బుతూ తనలో తనే నవ్వుకుంది. "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదే. పోట్లాడుకుంటన్నారుగా" అంది.

చివరికి బాబాయికి సహనం చచ్చింది. ఒక ఆదివారం రెండో భాగాన్ని తువ్వాల్లో చుట్టుకుని, నాయనమ్మను వెంటబెట్టుకుని రైలు దిగాడు. మా ఇంటికి రాలేదు, నేరుగా లైబ్రరీకి వెళ్ళాడు. కబురు తెలిసి నేను ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. నాయనమ్మ చిక్కిపోయి ఉంది. నన్ను దగ్గరికి లాక్కుని తల నిమురుతూ, "జడ ఎవరేశారే, ఇంత వదులుగా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పటికే నాన్న కూడా వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మాస్టారితో మాట్లాడటం మొదలుపెట్టారు.

"మాస్టారూ, వారికి చెప్పండి, పుస్తకం తెచ్చానని."

"మాస్టారూ, చదివి వినిపించమనండి. నాకేం భయం?"

"భయం లేనివాడివైతే ఊరందరికీ ఆ గంజి కథెందుకు చెప్పావన్నయ్యా!"

అన్నయ్యా అన్న మాట నోరు జారి వచ్చింది. బాబాయి కూడా ఉలిక్కిపడ్డాడు. మాస్టారు అది విననట్టే పుస్తకం అందుకుని ఆఖరి ప్రకరణం తీయబోయారు. రాలేదు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అచ్చాఫీసు నుంచి కాగితాల మడతలు విప్పకుండానే వచ్చేవి. కొన్నవాళ్ళే కత్తితో అంచులు కోసుకుని చదువుకోవాలి. ఆ పుస్తకంలో మొదటి నుంచి చివరిదాకా ఒక్క మడతా కోసి లేదు. మాస్టారు ఇటు తిప్పారు, అటు తిప్పారు. "ఇది ఎవరూ చదవలేదండీ" అన్నారు మెల్లగా. బాబాయి ముఖం ఎర్రబడింది. "నాన్న గుర్తుగా బీరువాలో పెట్టుకున్నానండి. నేను తెరవలేదు. మరి నాన్న చదివాడు కదా?" అన్నాడు.

నాయనమ్మ చాప మీద నుంచే చెప్పింది. "మీ నాన్న చదవలేదు రా. అది పోస్టులో వచ్చేసరికి ఆయనకు అక్షరం కనపడేది కాదు. చెప్పుకోడానికి నామోషీ. వీధిలో వాళ్ళకు మొదటిదే చదివాడు, మీకు మాత్రం ఇంట్లో ఆ పాత పుస్తకమే చేతిలో పట్టుకుని నోటికొచ్చింది చెప్పాడు." నాన్న వైపు తిరిగింది. "నిన్ను తెనాలి పంపి బళ్ళో వెయ్యాలని అప్పుడే అనుకున్నాం. వెళ్ళనని ఒకటే ఏడుపు. వెళ్ళినోళ్ళు తిరిగొస్తారని నీకు అలా చెప్పాడు." తర్వాత బాబాయి వైపు చూసింది. "చిన్నోడికి చెప్పిన ఏడు ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు. ఎక్కువ రోజులు ఉండనని తెలిసింది. మొగుడు పోయినా రత్తమ్మ పడవ కొని నిలబడిందన్న ఆ కథ వాడికి కాదు రా చెప్పింది. పక్కన కూర్చున్నా కదా, నాకు చెప్పాడు."

నాన్న కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయి పైకప్పు పెంకుల్లోకి చూస్తూ నిలబడ్డాడు. మాస్టారు జేబులోంచి చాకు తీసి, "కొయ్యమంటారా అమ్మా?" అని నాయనమ్మను అడిగారు. ఆమె తలూపింది.

ఆ రోజు నుంచి ఆదివారాలు రెండో భాగం చదవడం మొదలైంది. ఒక ప్రకరణం నాన్న, ఒక ప్రకరణం బాబాయి. ఊరంతా వచ్చేది. సోడాబండి వాడు కూడా లైబ్రరీ ముందే ఆపేవాడు. నాయనమ్మ మా ఇంట్లో ఉండిపోయింది, నేను మళ్ళీ ఆమె పక్కలో చేరాను. బాబాయి మాత్రం ఆదివారం బండికి వచ్చి, చదివి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవాడు. మా గుమ్మం తొక్కలేదు. పిలిస్తే రాడేమోనని నాన్న పిలవలేదు, పిలవకుండా ఎలా వస్తానని బాబాయి. నాయనమ్మకు ఇదంతా తెలుసు. చదువుతుంటే, "మళ్ళీ చెప్పరా, వినపడలేదు" అనేది. ఆమెకు చీమ నడిచినా వినపడుతుంది. ఇద్దరూ విసుక్కోకుండా మళ్ళీ చదివేవాళ్ళు. పేజీలు తరిగేకొద్దీ నాకు భయం పట్టుకుంది. పుస్తకం అయిపోతే ఇక బాబాయి రావడానికి పని లేదు. నాయనమ్మను కూడా తీసుకెళ్ళిపోతాడు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటి వాళ్ళ మీద కోపం రావడం లేదు, ఆశ్చర్యం మాత్రం వేస్తుంది. ఇప్పుడు నా ఫోన్లోనే ఎన్ని పుస్తకాలో ఉన్నాయి, మనవడు ఎక్కించి ఇచ్చాడు. అక్షరాలు పెద్దవి చేసుకుని హాయిగా చదువుకుంటాను. తాతయ్యకు ఆ సదుపాయం ఉంటే నామోషీ పడే పనే ఉండేది కాదు. అలాగని ఆ కాలమే గొప్పదని నేననను. చదవాలని ఉండి పుస్తకం దొరకని ఆకలి నాకు బాగా తెలుసు. కానీ ఒక మనిషి తన ఇంట్లోంచి ఒక పుస్తకం తెచ్చి, నలుగురి ముందు కూర్చుని, ఇది నాకెందుకిష్టమో చెబుతానంటే, ఆ మనిషిని వినడానికి ఊరు వచ్చి కూర్చునేది. అంతసేపు నన్ను వినేవాళ్ళు ఇప్పుడు లేరు. నిజం చెప్పొద్దూ, అంతసేపు కూర్చుని వినే ఓపిక నాకూ పోయింది.

ఆఖరి ప్రకరణం చదివే వంతు నాన్నది. రంగూను మనిషి చావలేదు, చెక్క పట్టుకుని ఒడ్డుకూ రాలేదు. అతను అసలు ఆ పడవే ఎక్కలేదు. రంగూనులో ఇంకో ఆవిడను చేసుకుని, ఏళ్ళు గడిచాక ఆవిడతో సహా వచ్చి రత్తమ్మ ఇంటి ముందు నిలబడతాడు. రత్తమ్మ ఇద్దరికీ అన్నం పెడుతుంది. అంతే, పుస్తకం అయిపోయింది. లైబ్రరీలో గోల మొదలైంది. "ఛీ, ఇదేం కథండీ" అంది నర్సమ్మ గారు. "మీ నాన్నగారు చెప్పిందే నయమండీ, రెండూ బాగున్నాయి" అన్నారు కరణం గారు. బాబాయి పుస్తకం తీసుకుని కండువాతో అట్ట తుడిచాడు. నేను నాయనమ్మ పమిట గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఉండబట్టలేక అడిగేసింది. "అయిపోయిందిగా. మరి వచ్చే ఆదివారం వస్తావా రా చిన్నోడా?"

బాబాయి వెళ్ళి పెద్దలు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. గోల ఆగిపోయింది.

"మాస్టారూ, నేను ఈ ఊరివాణ్ణే కదండీ. నాకూ వంతు ఉంటుందాండి?"

"ఎందుకుండదయ్యా? చెప్పు" అన్నారు మాస్టారు.

బాబాయి పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ పుస్తకం నాకు నచ్చలేదండి. ముగింపు బొత్తిగా బాగాలేదు. రాసినాయన మీద కోపంగా ఉంది. కానీ మా అన్నయ్యా నేనూ పక్కపక్కన కూర్చుని చదివిన పుస్తకం ఇదొక్కటేనండి. నాకింతకంటే విలువైనది మా ఇంట్లో లేదు. మీరూ చదవండి" అని లేచి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎటు వెళ్ళాలో తెలియనట్టు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. స్టేషను వైపు నుంచి తెనాలి వెళ్ళే సాయంత్రం బండి కూత వినపడింది.

నాన్న కండువా సర్దుకున్నాడు. "ఒరేయ్, అన్నం తిని వెళ్దువుగాని రా" అన్నాడు.

"చెప్పాపెట్టకుండా వస్తే వదినకు కష్టం కదన్నయ్యా. వండిందో లేదో."

ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచింది. పది మంది మగవాళ్ళున్న చోట ఆమె గొంతు విప్పడం అదే మొదలు. "ప్రతి ఆదివారం నీకూ కలిపే ఎసరు పెడతన్నానయ్యా. రాత్రికి మేమే తింటన్నాం. ఇవాళైనా వచ్చి తిను" అంది.